డూపు జగదాంబ

సీతాఫల్‌మండిలో జగదాంబను నడుంనొప్పి ముసలమ్మగానే అందరూ ఎరుగుదురు. కోడలు హిమజకి కూడా అంతకుమించి తెలియదు. అందుకే సినిమాల తెరవెనుక మనుషుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నామంటూ సింధూర అనే అమ్మాయి పాత షూటింగుల వాళ్లు చెప్పిన అడ్రసు పట్టుకుని కెమెరాతో వచ్చి నిలబడితే, ఇల్లు తప్పి వచ్చారనుకుంది హిమజ.

సింధూర లాప్‌టాప్ తెరిచి పాత సినిమాలో ఒక ముక్క చూపించింది. ఎర్రచీర కట్టిన హీరోయిన్ గుర్రం మీద వాగు దూకుతోంది.

"మొకం చూపెట్టినప్పుడు ఆమె. దుంకినప్పుడు నేను" అంది జగదాంబ.

హిమజ చేతిలో చాయ్ కప్పులు అలాగే ఉండిపోయాయి. "అత్తమ్మా, గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పలే."

"పెండ్లైనంక ఆ ముచ్చట తీయొద్దన్నడు మీ మామ. ఆయన పొయ్యినంక ఎవలడిగిన్రు?"

అడిగేవాళ్లు దొరికారు కనుక చెప్పింది. జగదాంబ తండ్రి కంటోన్మెంట్‌లో మిలిటరీ గుర్రాలను చూసుకునేవాడు. నడక వచ్చినప్పటి నుంచీ ఆమె వాటి మధ్యే పెరిగింది. ఒకసారి అక్కడ షూటింగ్ జరుగుతుంటే హీరోయిన్ గుర్రమెక్కడానికి జంకింది. "మా పిల్ల ఎక్కుతది" అన్నాడు తండ్రి. అలా మొదలై, పెళ్లి కుదిరేదాకా ఎందరి బదులో స్వారీ చేసింది.

మర్నాడు పొద్దున్నే సింధూర వాళ్లను బన్సీలాల్‌పేట తీసుకెళ్లింది. అక్కడ లక్ష్మణ్ అనే అతను పెళ్లి బరాత్‌లకు గుర్రాలు కిరాయికిస్తాడు. తెల్లగుర్రం పక్కన నిలబెట్టి నాలుగు మాటలు చెప్పించాలని సింధూర ఆలోచన. గుర్రం జగదాంబ అరచేతిని మూచూసింది. ఎండుగడ్డి, చెమట కలిసిన ఆ వాసన తగిలేసరికి ఆమె కళ్లు తడిశాయి.

"ఎక్కుత" అంది.

"డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నడు, అత్తమ్మా."

"మెట్లు వద్దన్నడు. గుర్రం సంగతి అనలే."

స్టూలు వేసి, ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. తీరా ఎక్కాక గుర్రం కదల్లేదు.

"బ్యాండు లేంది అడుగెయ్యదమ్మా" అని నొచ్చుకుంటూ లక్ష్మణ్ ఫోన్‌లో బరాత్ పాట పెట్టాడు. అంతే, గుర్రం తలాడిస్తూ బయల్దేరింది. జగదాంబ నడుం నిటారైంది. కెమెరా ఎదురుగా రాగానే చేయి తనంతట తానే కొంగుతో మొహం కప్పింది.

"అమ్మా, మీ ముఖమే కావాలి మాకు" అంది సింధూర.

జగదాంబ ఒక్క క్షణం తడబడి కొంగు వదిలేసింది. గాలికి తెల్లజుట్టు రేగింది. వీధి చివరిదాకా నవ్వుతూనే వెళ్లి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో, "ఆ వాగు దుంకిన గుర్రం పేరేంది?" అని అడిగింది హిమజ.

"తూఫాన్. నేను పెడితేనే బెల్లం తింటుండె. ఒక్కపారి ఏమైందంటే..."

మాటల్లోనే ఇంటి సందు వచ్చేసింది. ఆటో లోపలికి మళ్లుతుంటే హిమజ డ్రైవర్ భుజం తట్టింది.

"భయ్యా, జెర ఇంకో రౌండ్ పోనియ్యి."