చీటీలు పీకిన ఫొటోలు

టాంపినీస్‌లో మా బ్లాకు కింది ఖాళీ జాగాలో తెలుగు కుటుంబాలు కలిసి భోజనాలు పెట్టుకున్న ఆదివారం నా ఫొటోలు మూడు గోడకెక్కాయి. నలుగురి ముందు పెట్టడం అదే మొదటిసారి. ఎవరూ పొగడక్కర్లేదు. ఒక్కరైనా వాటి ముందు కాసేపు నిలబడితే చాలనుకున్నాను.

పులిహోర గిన్నెలు సర్ది వచ్చేసరికి ప్రతి ఫొటో కింది అంచు మీదా మా ఆయన శశికాంత్ ఒక చీటీ అంటించేశారు. స్కేలు పెట్టి నీటుగా కత్తిరించినవి. ‘వానలో బస్సు అద్దం.’ ‘హాకర్ సెంటర్‌లో తుడిచిన బల్ల.’ ‘బట్టలారేసే గొట్టానికి పట్టిన తుప్పు.’

“ఇవెవరడిగారండీ?”

“ఇదేమిటని ఎవరూ అడక్కుండా ఉంటారనే పెట్టాను. లేకపోతే ప్రింటు పాడైందనుకుంటారు నందితా.”

ఆయన ఉద్దేశం మంచిదే. మిషన్లతో వచ్చే పుస్తకాల్లో ఏ బటన్ దేనికో రాసిపెట్టడమే ఆయన ఉద్యోగం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఏ పుస్తకం పట్టుకున్నా “ఇది దేనికి పనికొస్తుందే?” అని అడిగేవారు. వాళ్ళ కష్టానికి ఆ ప్రశ్న న్యాయమే. దానికి జవాబు చెప్పుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాను. ఒక మధ్యాహ్నం, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఒకామె బల్ల తుడిచి వెళ్ళింది. తడిగుడ్డ గీసిన వంపు ఫ్యాను గాలికి ఒక కొస నుంచి ఆరిపోతోంది. నా అన్నం చల్లారిపోయినా దాన్నే చూస్తూ కూర్చున్నాను. దేనికి అని మాత్రం అనుకోలేదు. అప్పటినుంచి అలాంటివే తీస్తున్నాను. వస్తువు పేరు గుర్తురానంత దగ్గరికి వెళతాను. రంగూ గీతా మాత్రమే మిగిలితే నొక్కుతాను.

పక్క బ్లాకు హైమావతి ఆంటీ ప్లేటుతో వచ్చి, వంగి, చీటీ చదివారు. “బస్సు అద్దమా, సరే.” తల ఎత్తలేదు. పక్కకి జరిగి, “బల్ల.” ఇంకొంచెం జరిగి, “తుప్పు గోడకెక్కించావేమిటే? టౌన్ కౌన్సిల్ వాళ్ళకి పంపితే బాగుచేసేవారుగా.” టిష్యూ ప్యాకెట్ పెట్టి తనదని చోప్ చేసుకున్న కుర్చీలోకి వెళ్ళిపోయారు.

నేను చీటీలు పీకడం మొదలుపెట్టాను.

“గట్టి టేపు వేశాను, చిరుగుతుంది,” అన్నారు శశికాంత్.

“చిరగనీయండి.”

రెండు బాగానే ఊడాయి. బల్ల ఫొటో అంచు మాత్రం చీటీతోపాటే లేచొచ్చి, కింద తెల్లటి మచ్చ పడింది.

“నీ ఫొటో నువ్వే చింపుకున్నావు.”

“చీటీ ఉన్నంతసేపూ ఎవరూ ఫొటో చూడలేదండీ. చూశారుగా, ఆంటీని.”

ఆయన చీటీలు నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

నాలుగో అంతస్తు గియాసుద్దీన్ అంకుల్ బిర్యానీ డబ్బా పట్టుకుని అటుగా వెళుతూ బల్ల ఫొటో ముందు ఆగారు. తల ఒకవైపు వంచి చాలాసేపు చూశారు. పెరుగన్నం కోసం లేచిన హైమావతి ఆంటీ ఆయన పక్కన నిలబడ్డారు.

“ఏముందండీ అందులో అంతగా?”

“వంతెన లెక్క లేదా అమ్మా? కింద నీళ్ళు గూడ ఉన్నయ్.”

“వంతెనేమిటి, శుభ్రంగా నెమలి మెడ అయితేను. శశీ, ఇందాక దీనికింద ఏదో రాశావు, ఏమిటయ్యా అది?”

శశికాంత్ చెయ్యి జేబులోకి వెళ్ళింది. నా వైపు చూశారు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

“గుర్తులేదాంటీ.”

“నీ మొహం, రాసినవాడివి నువ్వేగా,” అంటూ ఆంటీ ప్లేటు శశికాంత్ చేతికిచ్చి, సంచిలోంచి కళ్ళజోడు తీసుకున్నారు.