చిల్లగింజ తేర్చిన నీళ్లు

ఆ రోజు బక్కమ్మ వాకిట్లో చెంబు పైకెత్తి "అద్దంలా ఉన్నాయి నీళ్లు" అని నవ్విన పెద్దమనుషులారా, ఈ కథ మీ మీదే. దొంగచాటుగా వాగులోకి గొట్టం వదిలింది మీరు. చూడవలసిన బావిని చూడకుండా జీపెక్కింది మీరు. ఊళ్లో తలవంచుకు తిరిగింది మాత్రం ఆమె. ఆమె చేసిన తప్పల్లా ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్లివ్వడం.

గడ్డపోతారం అవతల, మందుల కంపెనీల గోడలు అయిపోయిన చోట ఆమె ఊరు. ఊరి బావికి ఆనుకుని ఆమె ఇల్లు. ఇంటి వెనుక గట్టు మీద ఒక చిల్లచెట్టు. పెద్ద చెట్టేం కాదు, చెయ్యెత్తితే కొమ్మ అందుతుంది. మొగుడు సంగప్ప బతికున్న రోజుల్లో దాని కొమ్మ కొట్టి గొడ్డళ్లకూ పారలకూ కాములు చెక్కేవాడు. కళ్లు ఎర్రబడితే దాని గింజను తేనెలో అరగదీసి పెట్టుకునేవాళ్లు. అన్నిటికన్నా పెద్ద పని నీళ్లది. వానలు పడి బావిలోకి బురద దిగిందంటే ఊరి ఆడవాళ్లంతా బక్కమ్మ గుమ్మంలోనే.

"బక్కక్కా, జెర రెండు గింజలియ్యే."

గింజను కుండ లోపల గరుకు మీద తడిచేసి రుద్దాలి. ఆపైన నీళ్లు పోసి కదపకుండా వదిలెయ్యాలి. తెల్లారేసరికి బురదంతా అడుక్కు దిగి, పైన నీళ్లు తేటగా తేలతాయి. గింజలకు వచ్చినవాళ్లు ఊరికే పోయేవారా? కూర్చుని అత్తల్ని తిట్టి, మొగుళ్లను తిట్టి, బక్కమ్మ డబ్బాలోని తమలపాకులు అవగొట్టి పోయేవాళ్లు. పిల్లలు లేని మనిషి. సంగప్ప పోయాక ఆ గింజలే ఆమెకు చుట్టరికం.

ఎనభైల చివర్లో కంపెనీ మురుగు గొట్టం వాగులో పడింది. వాగు నుంచి ఊట బావిలోకి దిగింది. నీళ్లు చాయ్ రంగుకు తిరిగాయి, చేద లాగితే నురగ. ఊరేం చేసింది? బక్కమ్మ దగ్గర ఇంకో రెండు గింజలు ఎక్కువ అడిగింది. గట్టిగా రుద్దితే రంగు అడుక్కు దిగేది. పైన తేట. అదే తాగారు. వేళ్ల సందుల్లో పుండ్లు లేచినా, కడుపులో మంట లేచినా, నీళ్లు తేటగానే ఉన్నాయి కదా అనుకున్నారు.

వాగు నీళ్లకు వరిమడి మాడిపోయిన రైతు అంజయ్య ఊరుకోలేదు. సంగారెడ్డి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, నీళ్లు పరీక్ష చేసే సారును ఊరికి రప్పించాడు.

సారు వస్తాడన్న ముందటి సాయంత్రం బక్కమ్మకు ఒకటే పరేషాన్. బావి పక్క ఇల్లు తనదే, జీపు దిగితే తన వాకిట్లోనే దిగుతాడు. ఎండలో వచ్చిన మనిషికి ఆ చాయ్ రంగు నీళ్లు ఎట్లా ఇస్తుంది? కొత్త కుండ తీసింది. మణికట్టు లాగేదాకా గింజలు రుద్దింది.

సారు వచ్చాడు. అదే జీపులోంచి కంపెనీ మేనేజరూ దిగాడు. బక్కమ్మ కుండ కదపకుండా పైపైన ముంచి చెంబు చేతికిచ్చింది. సారు తాగలేదు. ఎండకు పట్టి చూశాడు.

"ఇవి ఈ బావి నీళ్లేనా అమ్మా?"

"గవ్వే సారూ. నేనే చేదిన."

"చూశారా సార్," అన్నాడు మేనేజరు. "అద్దంలా ఉన్నాయి. ఊరికే గోల."

అంజయ్య ముందుకురికాడు. "సార్, గవి గింజ రుద్దిన నీళ్లు. బావికాడికి రాండ్రి."

"గింజతో విషం పోతుందా? పోతే ఇంకేం, రుద్దుకుని తాగండి!" అని మేనేజరు నవ్వాడు. సారు కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే బక్కమ్మ కుండలోంచి సీసా నింపుకుని జీపెక్కాడు.

దుమ్ము అణిగాక అంజయ్య ఆమె వైపు తిరిగాడు. "నీ మేనబావ వచ్చిండా బక్కమ్మా, గంత మర్యాద జేస్తివి?"

"గట్లంటవేంది పటేలా. నాకేం తెలుసు..."

"తెలువకనే ఊరి నోట్ల మన్ను గొడ్తివి."

అంతే. ఆమె గుమ్మం తొక్కినవాళ్లు లేరు. బావి దగ్గర మల్లమ్మ, ఒకప్పుడు ఆమె తమలపాకులు నమిలిన మల్లమ్మే, చేద లాగుతూ అనేది: "సార్లొస్తే జెర సెప్పే. మేం గూడ ముంతలు తోముకుంటం." మిగతావాళ్లు నవ్వేవాళ్లు. బక్కమ్మ వాళ్లంతా పోయేదాకా ఆగి నీళ్లు చేదుకునేది. గింజలు రాలి చెట్టు కింద ఎండిపోయాయి, ఏరేవాళ్లు లేరు. మాట్లాడటానికి ఆమెకు బర్రె ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆ బర్రె తొట్టిలో మూతి పెట్టి తీసేసింది.

"తాగే ముండా. తేట నీళ్లే గదనే, నా కుండలయే."

బర్రె బుస్సుమని మొహం తిప్పుకుంది. ఇటు తిప్పితే అటు, అటు తిప్పితే ఇటు. బక్కమ్మ దోసిలి ముంచి, రోజూలా గటగటా మింగకుండా, నాలుక మీద ఆపి చూసింది. చేదు. ఆ వెనకాలే మంట. రంగు పోయింది, రోత పోలేదు. గింజ బురదనే దించుతుంది. ఇన్నాళ్లూ ఊరందరికీ ఆ గింజలు పంచింది తనే. ఈ సంగతి పరుగెత్తి చెప్పడానికి ఒక్క గడప కూడా గుర్తుకు రాలేదు.

మర్నాడు గింజ ముట్టని నీళ్లు కుండ నిండా చేదింది. సంగారెడ్డి బస్సెక్కింది.

"ఏందే అవ్వా, కల్లా?" అన్నాడు కండక్టరు.

"మా ఊరి నీళ్లు."

అతను వంగి వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. పక్క సీటు సంగారెడ్డి దాకా ఖాళీగానే ఉంది.

ఆఫీసు మెట్ల మీద జవాను ఆపాడు. సారు మీటింగులో ఉన్నాడన్నాడు. కుండ పక్కన పెట్టుకుని ఎండలోనే కూర్చుంది. సారు బయటికి రాగానే లేచి, చెంబు ముంచి, చెయ్యి చాపింది. నురగ అంచుదాకా వచ్చింది.

"నాడు మర్యాదకు గింజ రుద్దిన సారూ. ఇయ్యాల రుద్దలే. తాగుండ్రి."

సారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం, తాగబుద్ది గాలేదా? మా ఊరంత తాగుతున్నది. ఇగ నా కుండలకెల్లి సీస నింపుడు బంద్. ఇప్పుడే జీపెక్కుండ్రి. బావిల మీ చేత్తోని చేదుండ్రి. గా గొట్టం ఇయ్యాల్నే మూయిండ్రి. బావి మంచిగయ్యేదాక మా ఊరికి రోజు మంచినీళ్ల ట్యాంకరు పంపుండ్రి. గప్పటిదాక నేనీడికెల్లి లేవ."