ఆదివారం కేసు

జలంత్రకోట జెకర్యా అబద్ధమాడడు. ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు, ఆయనే చెప్పుకుంటాడు. బారువ రోడ్డు మీద ఆయన ఆటో ఎక్కినవాళ్ళకి డబ్బులు పుచ్చుకోకుండా ఇచ్చేది ఈ కబురొక్కటే. బాప్టిస్టు సంఘంలో డీకను. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి పట్టుకుని వరస వరసకీ తిరిగే పెద్దమనిషి. ఆ రోజు ఆటో తాళం చేత్తో ముట్టడు.

మిగతా ఆరు రోజులూ మాత్రం ముగ్గురెక్కాల్సిన బండిలో ఎనిమిది మందిని ఎక్కిస్తాడు. వెనక సీటు మీద నలుగురు, దానికెదురుగా బిగించిన చెక్క మీద ఇద్దరు, తనకి చెరోపక్కా ఒక్కొక్కరు. ఎండుచేపల బుట్టలు, జీడిపిక్కల మూటలు ఆ పైన. ఇది తప్పు కదయ్యా అంటే అయోమయంగా చూస్తాడు. ఉద్దానంలో ముగ్గురే కూర్చున్న ఆటోని ఖాళీ ఆటో అంటారు మరి.

ఆ ఆటోస్టాండులో ఒక ఏర్పాటుంది. నెలకిన్ని చిన్న కేసులు రాయాలని పోలీసులకి పైనుంచి టార్గెట్టు. వచ్చే పోయే బండ్లని ఆపి రాయాలంటే ఎండలో నిలబడాలి. కానిస్టేబుల్ జగదీశ్వరరావుకి ఎండ పడదు. అందుకని నెల ముగిసేలోగా ఒక పూట స్టాండుకొచ్చి, బెల్లం టీ తాగి, "ఈ నెల ఎవల్రా?" అంటాడు. స్టాండు ప్రెసిడెంటు ఢిల్లేశ్వరరావు వంతుల ప్రకారం పేర్లు చెప్పి, వాళ్ళ లైసెన్సులు చేతిలో పెడతాడు. నేరం ఎప్పుడు, ఎక్కడ జరిగిందో జగదీశ్వరరావు తీరిగ్గా స్టేషన్లో ఫ్యాను కింద కూర్చుని రాసుకుంటాడు. వంతొచ్చినవాడు కోర్టుకి వెళ్ళి, జడ్జిగారు అడగ్గానే "ఒప్పుకుంటున్నాను" అని, జరిమానా కట్టి, లైసెన్సు తెచ్చుకుంటాడు. జరిమానా స్టాండు చందాలోంచే. అందరికీ హాయి. ఏ కోర్టని మాత్రం అడక్కండి, ఆ చుట్టుపక్కల ఏ పేరు చెప్పినా ఒకరికి కోపం వస్తుంది.

జెకర్యా కూడా ఇదివరకు వంతొచ్చినప్పుడల్లా వెళ్ళి ఒప్పుకుని వచ్చినవాడే. "రోజూ ఎక్కిత్తన్నాం కదా, అబద్ధమేటున్నాది" అనేవాడు. రెండువేల రెండు వేసవిలో మళ్ళీ వంతొచ్చింది. లైసెన్సు ఇచ్చేశాడు. ఇచ్చిన వారానికే పిలుపొచ్చింది, అదీ కోర్టునుంచి కాదు, మిషను ఆసుపత్రి నుంచి. వాళ్ళకి వ్యాను డ్రైవరు కావాలట. నెల జీతం, ఉండడానికి గది, పిల్ల చదువుకి సాయం. నెలాఖరులోగా లైసెన్సు తెచ్చి చూపిస్తే ఉద్యోగం ఆయనదే, లేకపోతే లిస్టులో తరవాతివాడిది.

జెకర్యా పెళ్ళాం దోర్కాస్ ఆ కబురు విని పొయ్యి దగ్గర పనొదిలేసి వచ్చింది. పెళ్ళయినప్పటినుంచి సొంత బండి లేదు. బేరాలు వచ్చినా రాకపోయినా పొద్దుటే బండి యజమానికి అద్దె కట్టాలి. "మావా, బేగెల్లి ఆ లైసెన్సట్టుకొచ్చీ. ఈ ఒక్క పనీ సెయ్యి, నిన్నింకేటీ అడగను" అంది.

బేగి అంటే ఎలా కుదురుతుంది? స్టేషన్లో అడిగితే కాగితాలు కోర్టుకి వెళ్ళిపోయాయన్నారు. కోర్టులో అడిగితే ఇంకా రాలేదన్నారు. మళ్ళీ స్టేషన్లో అడిగితే, రాలేదని ఎవడన్నాడంటూ ఆయనమీదే లేచారు. చివరికి కోర్టులో బెంచి గుమస్తా జాలిపడి గోడవారన గుట్టగా పడున్న కట్టలకేసి తిరిగాడు.

"ఎవరి కేసు?"

"నాదే బాబూ. జలంత్రకోట జెకర్యా."

"నీదని నువ్వు చెప్పాలా, వేరేవాడి కేసు కోసం నువ్వెందుకొస్తావు? రాసినవాడెవడు?"

ఆ కోర్టులో చిన్న కేసులు ముద్దాయి పేరుతో దొరకవు, రాసిన కానిస్టేబుల్ పేరుతో దొరుకుతాయి. ఒక్కొక్క కానిస్టేబుల్‌ది ఒక్కొక్క కట్ట. జగదీశ్వరరావు కట్ట విప్పితే జెకర్యా కాగితం బయటపడింది, దానికి గుచ్చిన లైసెన్సుతో సహా. గుమస్తా నంబరు రాసుకుంటూ చదివాడు. ఎనిమిది మందిని ఎక్కించుకుని, బారువ రోడ్డు మీద, ఫలానా తేదీన, ఆదివారం, ఉదయం పది గంటలకి.

"ఆదివారమా!" అని అరిచాడు జెకర్యా. గుమస్తా చేతిలో కలం జారింది.

పది గంటలంటే జెకర్యా సంచి పట్టుకుని వరసల మధ్య తిరిగే వేళ. జగదీశ్వరరావు క్యాలెండరు చూసుకోకుండా నోటికొచ్చిన తేదీ వేసేశాడు. ఎనిమిది మందిని ఎక్కించావంటే జెకర్యాకి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆదివారం ఆటో తిప్పావన్నందుకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "నాను ఒప్పుకోను" అన్నాడు.

"ఒప్పుకోవడానికి ఇందులో ఏముందోయ్? హత్యా, దొంగతనమా?" అన్నాడు గుమస్తా. నిజంగానే అతనికి అర్థం కాలేదు. అతని సర్వీసులో ఇలాంటి కేసుని ఒప్పుకోనన్నవాడు లేడు.

ఇంటికొచ్చి చెబితే దోర్కాస్ నెత్తి కొట్టుకుంది. "ఆదివారమని రాత్తే ఏటైపోనాది? సోమారం నుండి శనారం దాకా నువ్వు సేత్తన్నదేటి? రోజు మారితే తప్పు మారిపోతాదేటి?"

"అది కాదే. నాను ఆదివారం బండి తిప్పినానని సర్కారు కాగితమ్మీద ఉండిపోతాది. సంఘం ఏటనుకుంటాది?"

"సంఘం సంతకెల్లీది నీ ఆటోలోనే కదా, ఒకల ఒడిలో ఒకలు కూకోని! ఒక్క ముక్క ఒప్పేసుకో మావా. దేవుడికి తెల్దా నువ్వెక్కడున్నావో?"

"నాను అబద్ధమాడను" అన్నాడు జెకర్యా. అన్నాక తనకి తనే బాగా నచ్చాడు. ఆ రాత్రి భోజనం దగ్గర ప్రార్థన కొంచెం పొడుగ్గా చేశాడు, అన్నం చల్లారిపోయింది.

వాయిదా రోజున కోర్టు హాలు నిండా ఇలాంటివాళ్ళే. బంట్రోతు పేరు పిలవడం, జడ్జమ్మ తలెత్తకుండా "ఒప్పుకుంటున్నావా?" అనడం, వాడు చేతులు కట్టుకుని "ఒప్పుకుంటున్నానండి" అనడం, ఆవిడ సంతకం. గానుగ తిరిగినట్టు తిరుగుతోంది పని. జెకర్యా పేరొచ్చింది. "ఒప్పుకుంటున్నావా?"

"లేదు తల్లీ."

జడ్జమ్మ అలవాటు చొప్పున జరిమానా రాయబోయి ఆగి, మొదటిసారి తలెత్తింది. గుమస్తా కళ్ళు మూసుకున్నాడు. వెనక నిలబడ్డ ఢిల్లేశ్వరరావు "ఒరే, నీకేటైనాదిరా" అని పళ్ళు కొరికాడు. ఒప్పుకోకపోతే విచారణ జరగాలి. కానిస్టేబుల్ బోనెక్కాలి, సాక్షులు రావాలి. విచారణ నెలాఖరు ముందురోజుకి వేశారు. లైసెన్సు మళ్ళీ కట్టలోకి పోయింది.

ఆసుపత్రి గడువు దగ్గరపడుతోంది. పట్టుదల ఒక పక్క, జీతం ఒక పక్క. బుర్రకి తోచిన ఉపాయం పట్టుకుని జెకర్యా ఒక సోమవారం ఆటోలో ఎనిమిది మందినీ కుక్కి, జగదీశ్వరరావు నీడపట్టున కూర్చుని పేపరు చదివే కిళ్ళీకొట్టు ముందు ఆపాడు.

"బాబూ, సూడండి. ఎనిమిది మంది. లెక్కెట్టుకోండి."

జగదీశ్వరరావు పేపరు దించలేదు. "ఉంటే ఏటి?"

"నామీద కేసు రాసీండి. ఈ సోమారం కేసు నాను సంతోసంగా ఒప్పీసుకుంటాను. ఆ ఆదివారం కేసు తీసీండి."

"ఓరి నీ యిల్లు బంగారం గానూ!" అన్నాడు జగదీశ్వరరావు. "ఈ నెల టార్గెట్టు అయిపోనాదిరా. ఒకటి ఎక్కువ రాసినాననుకో, ఓహో, ఈడు ఎక్కువ రాయగలడని వచ్చే నెల పెంచీసి నా పీక మీద కూకుంటారు. ఎల్లెల్లు, ఎండలో జనాన్ని నిలబెట్టకు."

"మరి సెయ్యని తప్పుకి రాసి, సేసిన తప్పుకి రాయనంతారేటి బాబూ?"

"రాసీది నానా, నువ్వా?"

బండిలో వెనకున్న నూకమ్మకి చేపలు పాడైపోతున్నాయని కంగారు. "కేసు తరవాత రాయించుకుందూ గానీ, పోనీవయ్యా!" అని కసిరింది. ఎనిమిది మందితోనూ ఆటో కానిస్టేబుల్ ముందునుంచే సాగిపోయింది. లైసెన్సు లేకుండానే అని వేరే చెప్పాలా, పట్టుకోవాల్సినవాడు పేపరు చదువుతున్నాడు.

ఇక మిగిలింది సాక్ష్యం. పది గంటలకి గుళ్ళో ఉన్నాడని పాస్టరుగారు వచ్చి చెబితే చాలు. పాస్టరుగారు ఎంతో ప్రేమగా భుజం మీద చెయ్యేసి, "కోర్టంటే నాకు పడదు నాయనా, ఆ పూట టెక్కలిలో కూటం కూడా ఉంది. నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నారు. సంఘంలో మిగతా పెద్దలకీ ఆ రోజే పనులు పడ్డాయి. ఆఖరికి ఆడవాళ్ళ వరసలో కూర్చుని మొగుణ్ణి కళ్ళారా చూసిన దోర్కాసే దిక్కయింది. ఆమెకి కోర్టంటే వణుకు. అయినా ఉన్న ఒక్క మంచి చీరా కట్టుకుని వచ్చింది.

విచారణ మొదలైంది. జెకర్యా ఇంట్లోంచి తెచ్చుకున్న బైబిలు గుండెకి ఆనించుకుని బోను దగ్గరికి పోతే, ముద్దాయికి ప్రమాణం అక్కర్లేదని బంట్రోతు ఆపేశాడు. ఆ బైబిలు మీద దోర్కాస్ చెయ్యి వేయించారు. అంతా నిజమే చెబుతానంది. ఆ ఆదివారం పది గంటలకి తన మొగుడు సంచి పట్టుకుని తన ముందునుంచే వెళ్ళాడని చెప్పింది. మాట తడబడలేదు.

అంతకుముందే బోనెక్కి దిగిన జగదీశ్వరరావుని మళ్ళీ అడిగితే, "ఎనిమిది మందిని సూసినానండి" అన్నాడు. ఎక్కడ నిలబడి చూశావని జడ్జమ్మ అడిగింది. స్టేషన్లో ఫ్యాను కింద అని చెప్పలేక టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఆవిడకి కేసు అర్థమైపోయింది. కానీ ఆవిడ కూడా రోజూ ఆ రోడ్డునే వస్తుంది, కళ్ళు లేనిది కాదు. కలం పక్కన పెట్టి జెకర్యా వైపు తిరిగింది.

"సరే. ఆదివారం నువ్వు గుళ్ళో ఉన్నావు, నమ్మాను. మిగతా రోజుల్లో ఎంతమందిని ఎక్కిస్తావు? ముగ్గురైతే నీ లైసెన్సు ఇప్పుడే ఇచ్చేస్తాను. ఎక్కువైతే దాన్ని రవాణా ఆఫీసుకి పంపించాలి, ఏం చెయ్యాలో వాళ్ళు చూసుకుంటారు."

అబద్ధమాడని జెకర్యా బల్లమీదున్న లైసెన్సుని చూశాడు. మరుసటి రోజుతో ఆసుపత్రి గడువు తీరిపోతుంది. ప్రమాణం చేయించలేదు కదా అనుకున్నాడు.

"ముగ్గురినేనండి" అన్నాడు.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఢిల్లేశ్వరరావు "అవునండి, మా స్టాండులో ముగ్గురేనండి" అని వెనకనుంచి అందుకున్నాడు. జగదీశ్వరరావు కూడా బతుకు జీవుడా అన్నట్టు తలూపాడు. జడ్జమ్మ వాళ్ళ మాట వినిపించుకోలేదు. ఇంకా బోనులోనే ఉన్న దోర్కాస్ వైపు చూసింది.

"నువ్వు ప్రమాణం చేశావమ్మా. నువ్వు చెప్పు. నీ భర్త చెప్పింది నిజమేనా?"

దోర్కాస్ మొగుడికేసి చూసింది. జెకర్యా నేలకేసి చూస్తున్నాడు. ఆమె ముందు బైబిలు అలాగే ఉంది. పిల్ల చదువు, గది, నెల జీతం అన్నీ ఆమె నాలుక చివర నిలబడ్డాయి.

"నిజమేనమ్మా. ముగ్గురే" అంది.

కేసు కొట్టేశారు. జరిమానా లేదు. గుమస్తా లైసెన్సు చేతికిస్తూ పెద్ద బరువు దిగినట్టు నవ్వాడు. బయటికి రాగానే జగదీశ్వరరావు జెకర్యా వీపు చరిచాడు. "ఇంత బాగా సెప్పగలిగినోడివి, మొదటి రోజే ఒప్పీసుకుంటే పోయీది కదరా బావా! ఇన్నాళ్ళూ మమ్మల్ని ఏపుకు తిన్నావు." ఇన్నేళ్ళలో అతను జెకర్యాని బావా అని పిలవడం అదే మొదలు.

జెకర్యాకి సిగ్గేసింది. ఆ సిగ్గు మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక లైసెన్సు జేబులో పెట్టి, ఆటో దగ్గర నిలబడ్డ దోర్కాస్ పక్కకొచ్చాడు. "పోన్లే, గెలిసినాం కదా" అన్నాడు.

"నువ్వు గెలిసినావు" అంది దోర్కాస్. "ఒక్క అబద్ధమాడి జరిమానా కట్టీమని నీ కాళ్ళట్టుకున్నాను. నానాడనన్నావు. నీ ఆదివారం నీకు దక్కినాది. బైబిలు మీద సెయ్యేసి ఆడింది మాత్రం నాను."

ఈలోపు ఢిల్లేశ్వరరావు, స్టాండు నుంచి తమాషా చూడ్డానికి వచ్చినవాళ్ళు, బారువ వెళ్ళాల్సిన ఇద్దరు ముసలాళ్ళు ఆటోలోకి ఎక్కేశారు. ముందు డ్రైవరు పక్కన జగదీశ్వరరావు లాఠీ ఒళ్ళో పెట్టుకుని సర్దుకున్నాడు.

"ఇటుపక్క ఇంకొకలికి జాగా ఉన్నాదమ్మా, రా, ఎక్కీ" అని పిలిచాడు.

దోర్కాస్ బైబిలు చంకన పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.