వేడి చేతికి చల్ల సూది

కాలరు తిరగేసి, ఈ కొస నుంచి మధ్యకి, మళ్లీ ఆ కొస నుంచి మధ్యకి. పెటాంగ్ ఎప్పుడూ అలాగే ఇస్త్రీ చేస్తుంది. మధ్య నుంచి కొసకి లాగితే ముడత మూలకి చేరి అక్కడే స్థిరపడిపోతుంది, రిటైరైన గుమాస్తాలాగ.

ఆవిరికి అద్దాలు మసకేసిన ఆ లాండ్రీలో ఆమె నిలబడే చోట గచ్చు నున్నబడింది. ఆమె కుడి భుజం ఎడం భుజం కంటే కాస్త ఎత్తు. ముంజేతి మీద ఇస్త్రీపెట్టె ముక్కు ఆకారంలో పాత మచ్చ. చెమట వీపు మీదే ఆరిపోతే జలుబు చేస్తుందని రవిక లోపలికి దోపిన చిన్న తువ్వాలు. దుకాణంలో ఫ్యాను ఒకటుంది, అది కస్టమర్ల వైపు తిరిగి ఉంటుంది. ఇలోయిలో అనే ఆ ఊళ్లో ఎవరైనా నలగని చొక్కా వేసుకుని పెళ్లికో కోర్టుకో వెళ్తున్నారంటే అది పెటాంగ్ చేతి పనే అయ్యుండొచ్చు. చొక్కాలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలీదు. పెటాంగ్‌కీ చొక్కాలే గుర్తుంటాయి, మనుషులు గుర్తుండరు.

బయట ట్రైసికిల్ హారన్ మోగింది. మోగి, ఆగి, మళ్లీ మోగింది. ఆమె మొగుడు నెస్తోర్ బండి అది, పక్కన తొట్టి కట్టిన మోటారుసైకిలు.

"పెటాంగ్, రా. టీకా మందు అయిపోతోందిట. మూడో వీధి వాళ్లంతా అప్పుడే లైన్లో ఉన్నారు."

పెటాంగ్ గుమ్మం దాకా వచ్చి చూసింది. బండిలో ఇంటిల్లిపాదీ ఉన్నారు. అత్తగారు, ఆవిడని అందరూ లోలా చోలెంగ్, అంటే చోలెంగ్ అమ్మమ్మ, అంటారు, ఈస్టరు పండక్కి వేసుకునే తెల్ల గౌను తొడుక్కుని, మెళ్లో ముత్యాల్లాంటివి వేసుకుంది. కూతురు, ఏడేళ్ల ఇసాయ్, రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టించుకుని సీటు మీద ఎగురుతోంది. ఎగిరితే ఆయాసం వస్తుంది, కూర్చోబెడితే ఏడుపొస్తుంది. నెస్తోర్ క్షవరం చేయించుకున్నాడు. ఉబ్బసం పంపు చొక్కా జేబులో పైకి కనపడేలా పెట్టుకున్నాడు, పెన్ను పెట్టుకున్నట్టు.

"అందరూ ఇలా తయారయ్యారేమిటి? టీకాకా, పెళ్లికా?"

"ఫొటో తీస్తారే" అంది అత్తగారు. "నలిగిన గౌనుతో పడితే ఇస్త్రీ చేసేదాని అత్తనంటే ఎవరు నమ్ముతారు?"

ఈ హడావుడికి కారణం ఉంది. ఇసాయ్ గుండెలో పుట్టుకతోనే కన్నం. కిందటేడు ఆపరేషన్‌కి మనీలా దాకా వెళ్లారు. తీరా అక్కడికి వెళ్లాక పిల్లకి ఫ్లూ జ్వరం, వెనక్కి పంపేశారు. ఆ ఫ్లూ లాండ్రీ నుంచి పెటాంగ్‌తోనే ఇంటికొచ్చింది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. అనకుండా ఉండటానికి అందరూ పడ్డ పాట్లు ఆమెకి కనిపించాయి. ఇప్పుడు మళ్లీ తేదీ ఇచ్చారు. ఈసారి మాత్రం ఇంట్లో ఒక్కళ్లు కూడా మానకుండా టీకా వేయించుకుని రమ్మన్నాడు డాక్టరు. పేటలో టీకా వెయ్యడానికి ఇవాళే ఆఖరి రోజు.

మరి ఇన్నాళ్లూ ఏం చేశారంటే, నిర్ణయిస్తూ ఉన్నారు. నెస్తోర్ విధానం "చూద్దాం". పక్కింటి ఔరియా మేడం బ్యాంకులో పనిచేసి రిటైరైంది కాబట్టి ఆవిడకి వైద్యం తెలుసు. ఫ్లూ టీకా వేయించుకుంటే ఫ్లూ వస్తుందని, షుగరున్న ముసలాళ్ల మోకాళ్లు పట్టేస్తాయని ఫోన్లో రోజూ పొద్దున్నే పంపేది, కింద ఒక గులాబీ పువ్వుతో. అత్తగారికి షుగరూ ఉంది, మోకాళ్లూ ఉన్నాయి. ఆవిడ ఆ గులాబీల్ని చాలా రోజులు నమ్మింది.

పెటాంగ్ భయం వేరు. ఇస్త్రీ చేసిన చెయ్యి వేడిగా ఉంటుంది. వేడి పట్టిన ఒంటికి చల్లనిది తగిలితే పస్మా పట్టుకుంటుంది, చేతులు వణుకుతాయి, నరాలు ఉబ్బుతాయి. అందుకే ఆమె ఇస్త్రీ దించాక గంట దాకా నీళ్లు ముట్టుకోదు. అలాంటిది, ఐసుపెట్టెలోంచి తీసిన మందు తిన్నగా కండలోకా? ఒంట్లో వేడి పూర్తిగా దిగాలంటే ఒక రోజంతా పని మానాలి. ఆమె చల్లబడేది ఆదివారం, ఆ రోజు హెల్త్ సెంటర్‌కి సెలవు. హెల్త్ సెంటర్ తెరిచిన రోజుల్లో ఆమె వేడిగా ఉంటుంది.

"మీరెళ్లి వేయించుకోండి" అంది. "నా చెయ్యి ఇంకా కాలుతోంది."

"ముందు ఎక్కు" అంది అత్తగారు. "దారిలో చల్లారుతుంది."

గాలి తగిలితే మళ్లీ అదో ప్రమాదం. పెటాంగ్ కుడిచేతిని తువ్వాల్లో చుట్టుకుని, వేడన్నం గిన్నెలా ఒళ్లో పెట్టుకుని బండెక్కింది.

హెల్త్ సెంటర్లో తిరునాళ్లలా ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు చాలక జనం గొడుగుల మీద ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు ఏడుస్తున్నారు, పెద్దాళ్లు ఏడవకుండా జోకులేస్తున్నారు. లైన్లో అందరికంటే ముందు, వెడల్పాటి టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఔరియా మేడం ఉంది.

"మేడం, మీరా?" అన్నాడు నెస్తోర్.

"బీపీ చూపించుకుందామని."

"ఇది టీకా లైను మేడం."

"అవునా? ఎవరూ చెప్పలేదే." ఆవిడ లైన్లోంచి కదల్లేదు. చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉంది.

నర్సు రొవేనా ఒక్కొక్కళ్లకీ జ్వరం చూసి, అడగాల్సినవి అడిగి, చకచకా వేసేస్తోంది. ఇసాయ్ కళ్లు మూసుకుని, అయిపోయాక కూడా తెరవలేదు. "అయిపోయిందమ్మా" అంటే, "ఇంకోటి వేస్తారేమో అని" అంది. నెస్తోర్ సూది గుచ్చకముందే "అబ్బా" అన్నాడు, గుచ్చినప్పుడు ఊరుకున్నాడు. అత్తగారి వంతొచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, గౌను సర్దుకుని, చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

"ముందు మా కోడలికి."

"నానాయ్, నాకు వద్దు" అంది పెటాంగ్, అత్తగారిని అమ్మా అని పిలిచి. "పస్మా పడితే ఇస్త్రీ ఎవరు చేస్తారు? చెయ్యి వణికితే పనిలోంచి తీసేస్తారు. నేను ఇంట్లో మాస్కు వేసుకుంటా. వేరే గదిలో పడుకుంటా."

"మనకి వేరే గది ఎక్కడుంది?" అన్నాడు నెస్తోర్.

"లోలా, వెనకాల చాలామంది ఉన్నారు" అంది రొవేనా.

"ఉండనీ. కోడలు వేయించుకుంటేనే నేను వేయించుకుంటా. పెటాంగ్, ఏ చేత్తో ఇస్త్రీ చేస్తావే?"

"కుడిచేత్తో."

"అయితే ఎడంచేతికి వేయించుకో."

"ఎడంచెయ్యి గుడ్డ సాపు చేస్తుందిగా."

"సాపు చేసేది అరచెయ్యి. భుజం ఊరికే కూర్చుని చూస్తుంటుంది."

వెనకాల నలుగురు నవ్వారు. పెటాంగ్ నవ్వలేదు. ఇసాయ్ రిబ్బను కొస నోట్లో పెట్టుకుని ఆమె వంకే చూస్తోంది. పిల్ల పెదాల చివర ఆ లేత నీలిరంగు, ఎగిరినప్పుడల్లా వచ్చేది, ఇంకా పోలేదు.

అత్తగారు పెటాంగ్ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. గొంతు తగ్గించింది.

"పస్మా సంగతి నీకు చెప్పిందెవరు?"

"మీరే. పెళ్లైన కొత్తలో."

"ఎప్పుడు చెప్పాను?"

పెటాంగ్‌కి గుర్తుంది. పొద్దుట్నుంచీ ఇంటిల్లిపాది బట్టలూ ఇస్త్రీ చేసి దించింది. మావగారు అంట్లు చూపించారు. అప్పుడు ఈవిడ వంటింట్లోంచి అరిచింది, దాన్ని నీళ్లు ముట్టుకోనివ్వకండి, పస్మా పడుతుంది, గంటసేపు కూర్చోనివ్వండి అని. అంట్లు ఆవిడే తోముకుంది.

"నేనూ ఇస్త్రీ చేసినదాన్నే, బొగ్గుల పెట్టెతో. దించగానే చన్నీళ్లలో చేతులు పెట్టి అంట్లు తోమాను, ఏళ్ల తరబడి. ఏమీ కాలేదు. చేతులు వణికేవి, నిజమే. అన్నం తింటే తగ్గేవి."

"మరి నాకలా ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే ఇస్త్రీ చేసిన మనిషిని ఎవరు కూర్చోనిస్తారే, ఈ లోకంలో?"

పెటాంగ్ ఇన్నేళ్లుగా రోజుకో గంట చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ గంటలో జపమాల తిప్పింది, ఇసాయ్‌కి పాలిచ్చింది, ఏమీ చెయ్యకుండా వీధిలోకి చూసింది. ఆ గంటలన్నీ ఈ ముసలిది ఆమెకి దొంగిలించి పెట్టినవన్నమాట.

తువ్వాలు విప్పి అత్తగారి ఒళ్లో పడేసింది. "కుడిచేతికే వెయ్యమ్మా" అంది నర్సుతో. "ఎడంచెయ్యి పాపం ఏమీ ఎరగదు."

రొవేనా సిరంజి తీసి కాసేపు తన అరచేతుల మధ్య పట్టుకుని, అప్పుడు వేసింది. చల్లగా లేదు. చీమ కుట్టినట్టుంది. పెటాంగ్ చెయ్యి చాపి వేళ్లు చూసుకుంది. వణకలేదు. ఎందుకో పెద్దగా నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుతుంటే ఇసాయ్ నవ్వింది, ఫొటో తీసేవాడు సరిగ్గా అప్పుడే తీశాడు.

తిరిగొచ్చేటప్పుడు అందరూ వేడివేడి బాచోయ్ నూడుల్స్ సూపు తాగారు. నెస్తోర్ టీకా వేసిన చెయ్యి లేవడం లేదని గిన్నె ఎత్తలేకపోయాడు, రెండో గిన్నె మాత్రం ఎత్తాడు. అత్తగారు భుజం మీద అంటించిన గుండ్రటి ప్లాస్టరు దారిలో కనపడ్డవాళ్లందరికీ చూపించింది. మర్నాడూ తియ్యలేదు, ఆ మర్నాడూ తియ్యలేదు. "పెట్టినమ్మాయి తియ్యమనలేదుగా" అంది. చివరికి స్నానంలో అదే ఊడితే, ఆరబెట్టి గదిలో అద్దం మూలకి అంటించింది. రేపు ఎవరైనా అడిగితే రుజువుండాలిట.

వర్షాలు వచ్చాయి. వీధంతా దగ్గింది. వీళ్లింట్లో నెస్తోర్ ఒక్కడే రెండు రోజులు ముక్కు చీదాడు, అదీ సానుభూతి కోసమే అని అత్తగారి అభిప్రాయం. ఇసాయ్‌కి ఆపరేషన్ అయింది. గుండెల మీద కుట్ల గీతతో తిరిగొచ్చి, స్కూల్లో దాన్ని చూపించి ఐస్‌క్యాండీలు సంపాదించింది.

క్రిస్మస్‌కి ముందు ఒక మధ్యాహ్నం అత్తగారు భోంచేసి, విసనకర్ర గుండెల మీద పెట్టుకుని పడుకుంది. సాయంత్రం ఇసాయ్ కాఫీకి లేపితే లేవలేదు.

చూడ్డానికి వచ్చిన ఔరియా మేడం గుమ్మంలో గుసగుసలాడింది. "ఆ టీకా పనే అంటావా, పెటాంగ్?"

"దాని పనే మేడం" అంది పెటాంగ్. "ఒక్క దగ్గు కూడా దగ్గకుండా పోయారు."

తెల్ల గౌను ఆమే ఇస్త్రీ చేసింది. కాలరు ఈ కొస నుంచి మధ్యకి, ఆ కొస నుంచి మధ్యకి. పెట్టె దించేసరికి వంటింట్లో, వచ్చినవాళ్లు తాగిన కాఫీ కప్పులు గుట్టగా ఉన్నాయి. కుళాయి దాకా వెళ్లి, ఆగి, వెనక్కొచ్చి అత్తగారి మంచం మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. గంటసేపు ఆమెని ఎవరూ పిలవలేదు.

ఎదురుగా అద్దం మూల ఆ గుండ్రటి ప్లాస్టరు, మధ్యలో ఎండిన చిన్న గోధుమరంగు చుక్కతో, ఒక అంచు కొంచెం లేచి, అలాగే అంటుకుని ఉంది.