ఫోను తీగ మీద కాకరపాదు

యాదలక్ష్మి ఇంట్లో కాకరకాయలు కొని ఎరుగరు. ఎవరి మీదైనా కడుపు మండితే ఆమె కూర్చున్న చోట కాకరతీగ మొలిచేది. పెళ్లైన కొత్తలో తోటికోడలు పట్టుచీర కట్టిన నాడు మంచం కోడు పక్కన మొదటిసారి మొలిచింది. అత్త దాన్ని చూసి, పందిరి వేయమని కొడుకుతో చెప్పి, తన పనికి తాను పోయింది. నల్లగొండ దగ్గరి పల్లె విడిచి పట్నంలోని కొత్తపేటకు వచ్చాకా అంతే. ఇరుగుపొరుగు గిన్నె పట్టుకొని వచ్చి కాయ లేతగా ఉందా అని అడిగేవారే గానీ, ఎవరి మీద మొలిచిందని ఎవరూ అడగరు.

ఈ మూడేళ్లూ మాత్రం కాపు విరగకాసింది. గోడ అవతలి వాటాలోకి సీతామహాలక్ష్మి వచ్చినప్పటి నుంచీ, ఆవిడ వంటింటి కిటికీ దాకా తీగలే.

ఆవిడది కాకినాడ వైపు. ముప్పై ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన ఒంటరి మనిషి. రెండు వాటాలకూ కలిపి ఒకటే లైను. అసలు ఫోను యాదలక్ష్మి ఇంట్లో, దానికి తగిలించిన పారలల్ ఫోను ఆవిడ ఇంట్లో. మాట్లాడాలనుకున్నవాళ్లు ముందు గోడ మీద రెండుసార్లు తట్టాలి. అవతల నుంచి ఒక్కసారి తట్టారంటే లైను ఖాళీ అన్నట్టు.

దాంతో ఏ పేచీ లేదు. పేచీ అంతా ఆవిడ కొన్న కంప్యూటరుతో. యాదలక్ష్మి మనవరాలు జ్యోతిక దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు కోర్సు చేస్తోంది. అక్కడెవరో ఇచ్చిన సీడీ తెచ్చి, కంప్యూటరును నడిపే, పైసా ఖర్చు లేని లినక్స్ దాంట్లో ఎక్కించింది. ఇక పొద్దస్తమానం అక్కడే. పైగా ఆవిడను "అమ్మమ్మా" అని పిలుస్తుంది. యాదలక్ష్మికి యాభై అయిదో ఏట పలక మీద చెయ్యి పట్టి దిద్దించింది ఈ పిల్లే. ఒక్క "క్ష" రావడానికి వారం పట్టింది. జ్యోతిక విసుక్కోలేదు. "రాకుంటే మళ్ల మొదట్నుంచి," అనేది, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం యాదలక్ష్మి ఫోను బల్ల పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుండగా పోస్టు వచ్చింది. విశాఖపట్నంలో జ్యోతికకు ఉద్యోగం. కాగితం ఆలస్యంగా అందింది. ఉద్యోగంలో చేరతానని ఆ సాయంత్రం ఐదు లోపల మెయిలు పెట్టాలి, లేకుంటే ఆ చోటు ఇంకొకరికి. విశాఖ అంటే సీతామహాలక్ష్మి చెల్లెలుండే ఊరు. పిల్ల వాళ్లింట్లోనే ఉంటుందట. చిక్కుళ్ల చాట పక్కన నేల పగిలి పచ్చటి మొలక తల ఎత్తింది. యాదలక్ష్మి దాన్ని చూడనట్టే లేచి, పిల్ల వెంట పక్కింటికి వెళ్లి గడప దగ్గర కూర్చుంది.

రెండింటికి మొదలుపెట్టింది జ్యోతిక. ముందు, ఫోను తీగను కంప్యూటరుకు కలిపే మోడెం డబ్బాను ఎవరో వాడుతున్నారని వచ్చింది తెర మీద. ఎవరూ లేరు. నిన్న వాడుతున్నప్పుడు పడిన తాళం ఫైలు, మధ్యలో కరెంటు పోయి అట్లాగే ఉండిపోయిందని చెప్పి దాన్ని తీసేసింది. తర్వాత నల్లటి తెరలో రెండక్షరాలు కొడితే ఎర్ర దీపాల డబ్బా "ఓకే" అని బదులిచ్చింది. డబ్బా మంచిగనే ఉందన్నమాట. నంబరు కలపమంటే మాత్రం ఒకటే జవాబు. పలక దిద్దాక చేరిన రాత్రిబడిలో యాదలక్ష్మికి ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా చెప్పారు. తెర మీది జవాబులో ఎన్, ఓ వరకు చదువుకుంది, "నో" అంటే లేదని తెలుసు, చాలనిపించింది. కడుపులో చల్లగా అయింది. అందుకు సిగ్గూ వేసింది.

టోను కోసం ఆగకుండా నంబరు కొట్టమని డబ్బాకు చెప్పి చూసింది జ్యోతిక. లాభం లేదు. అప్పుడు సీతామహాలక్ష్మి తన రిసీవరు ఎత్తి కళ్లు మూసుకుని విన్నది.

"టోను లేదమ్మా. లైను చావలేదు గానీ అటు ఫోను ఎవరో ఎత్తిపెట్టినట్టుంది."

"అటు ఎవరున్నరు? నేను ఈడనే కూసున్న గదా," అన్నది యాదలక్ష్మి. అంటున్నప్పుడే తెలుసు ఆమెకు, ఎత్తింది ఎవరో. గోడ గడియారంలో నాలుగూ ఇరవై. నలభై నిమిషాలు నోరు మెదపకపోతే పిల్ల ఎక్కడికీ పోదు.

జ్యోతిక ఓణీ కొంగు కొరుకుతూ మళ్లీ తెర వైపు తిరిగింది. "మళ్ల మొదట్నుంచి," అనుకుంది తనలో తాను. అదే గొంతు, "క్ష" దిద్దించినప్పటిది.

యాదలక్ష్మి మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

ఇంట్లో తీగ బల్లంతా అల్లుకుంది. నిగనిగలాడే కాకరకాయ ఒకటి రిసీవరును వేలెడు ఎత్తు లేపి, దాని కింద ఒదిగి ఉంది. తుంచింది. ఇంకొకటి కాసింది. కత్తితో కోసింది. కోసిన చోటే రెండు తీగలు మెలి తిరిగి రిసీవరును పట్టుకున్నాయి. చివరికి రిసీవరును తీగతో సహా చెవికి పెట్టుకుంది. అవతల ఊపిరి వినిపించింది.

"ఎవరండీ లైన్లో?"

"నేనే సీతమ్మా." "గీ తీగ నీ మీదనే మొలిసింది. మా పోరిని గుంజుకున్నవని."



"మా వంటింటి కిటికీకి పాకింది మీ తీగే అనుకుంటున్నారా యాదలక్ష్మి గారూ?"

"మరి?"

"అది నాదండీ. మీ మీద మొలిచింది, మూడేళ్లుగా కాస్తోంది. పిల్ల పనికి నా దగ్గర కూర్చుంటుంది గానీ, ఆకలేస్తే లేచి మీ ఇంటికే వస్తుంది. ఒక్కపూటైనా నా చేతి ముద్ద తినలేదు."

యాదలక్ష్మికి నవ్వొచ్చింది, కళ్లల్లో నీళ్లూ వచ్చాయి. ముప్పై ఏళ్లు ఊరందరి మాటలు కలిపిన మనిషి, ఈ ఒక్క మాటను మూడేళ్లు దాచుకుంది. పసిబిడ్డ నిద్రలో వేలు వదిలినట్టు తీగ మెల్లగా వదిలింది. ఆమె రిసీవరు కింద పెట్టి గోడ మీద రెండుసార్లు తట్టింది. అవతల నుంచి ఒక్కసారి వినిపించింది. ఆ వెంటనే డబ్బా కీచుమని, గరగరమని, గోడ ఇవతలికి కూడా వినపడేలా గొంతు సవరించుకుంది.

ఐదుకు పది నిమిషాలుండగా మెయిలు వెళ్లింది.

జ్యోతిక వెళ్లిన వారానికి రెండు వైపులా తీగలు ఎండిపోయాయి. పదిహేను రోజులకు ఆమె రాసిన మెయిలును సీతామహాలక్ష్మి చదివి వినిపించింది. ఉద్యోగం బాగుంది, తిండే సహించడం లేదు, కాకరకాయ కారం చేసి పంపండి అని.

ఇద్దరూ కొత్తపేట రైతుబజారుకు వెళ్లారు. పచ్చటి కుప్ప ముందు కూర్చుని ఒకటి తీసి వాసన చూశారు, ఇంకొకటి గోరుతో గిల్లారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంత వయసొచ్చినా కాకరకాయ ఏరుడు రాదా అమ్మా?" అన్నది అమ్మే మనిషి.

"మాకెప్పుడు కొనే అవసరం రాలే," అన్నది యాదలక్ష్మి, కాయలు వేయమని చీర కొంగు పట్టి.