నిండా నీళ్లలో కొర్రమట్ట

గంగక్క పట్టు పట్టిందంటే ఉడుం పట్టే. మొగుడు బతికున్నన్నాళ్లు ఆ సంగతి అతనికి తెలిసేది, ఇప్పుడు కొడుకు దూలయ్యకు తెలుస్తోంది. పర్ణశాలకు ఎగువన గోదావరి గట్టు మీదే వాళ్ల పల్లె. తాతల నాటి నుంచీ చేపలు పట్టి బతికిన ఇల్లు. అలాంటి ఇంట్లో పుట్టిన దూలయ్య కూతురు, ఆరేళ్ల బాలికి నీళ్లంటే చచ్చేంత భయం. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటుంది లోకం. ఈ చేపపిల్ల మాత్రం చెంబెడు నీళ్లు చూసినా గోడవైపు తిరిగిపోయేది. స్నానమంటే తడిగుడ్డతో తుడవడమే.

అంతా ఎనభయ్యారు వరద చేసిన పని. ఇంటికప్పు మీద కూర్చుని ప్రాణాలు కాపాడుకున్న ఆ రోజు బాలి నీళ్లలో పడిపోయింది. గంగక్క జుట్టు పట్టి పైకి లాగింది. పిల్లే జారిందని అందరూ అనుకున్నారు. నిజానికి జారింది గంగక్క చెయ్యి. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, తొమ్మిది నెలలుగా కడుపులోనే పెట్టుకుని కుమిలిపోతోంది.

బడి చూస్తే ఏటి అవతల ఉంది. జూన్‌లో పిల్లను చేర్చాలి. పడవ ఎక్కితేనే బడి.

"అది పడవెక్కదు గదనే అమ్మా," అన్నాడు దూలయ్య. "మేకల ఎంబడి పోతది తియ్యి. ఆడపిల్లకు గంత సదువేంది?"

"సదువు లేకనే నీకు గిసోంటి మాటలొస్తున్నయ్. పిల్ల బడికి పోతది. నేను పంపిస్త."

పంపిస్తానని అనేసింది గానీ ఎలాగో ఆమెకూ తెలియదు. అంతలో టౌనులో చేపల బంగ్లా పెట్టారని ఎవరో చెప్పారు. అద్దాల తొట్లలో నీళ్లట, అందులో చేపలట, చుక్క నీరు బయటికి రాదట. ముల్లును ముల్లుతోనే తియ్యాలి కదా. ఉన్నచోటు కదలని నీళ్లను చూపిస్తే పిల్ల బెదురు తీరుతుందనుకుంది. మర్నాడు పొద్దున్నే బాలినీ, నాలుగేళ్ల తమ్ముడు సారంగాన్నీ వెంటేసుకుని బస్సెక్కింది.

బంగ్లా అంటే పెద్ద మేడేం కాదు, బస్టాండు వెనక ఒక రేకుల హాలు. లోపల పదో పన్నెండో తొట్లు, వాటిలో బల్బులు. గుమ్మం దగ్గర స్టూలు మీద కాపలాదారు కిషన్‌లాల్ కూర్చున్నాడు. సారంగం లోపలికి ఉరికి ఒక ఎర్రచేప ఎదురుగా అద్దానికి ముక్కు ఆనించాడు. బాలి గుమ్మం దాటలేదు. గంగక్క బతిమాలింది, కసిరింది, బిస్కెట్ పొట్లం ఆశచూపింది.

"అద్దం పలుగుతే?" అంది బాలి.

ఇంతదూరం వచ్చింది దండగేనా అని గంగక్క మనసు చివుక్కుమంది.

గుమ్మానికి దగ్గరి తొట్టినే చూస్తోంది బాలి. "నాయనమ్మా, గా నల్లచేప మూతను పొడుస్తుంది. బయటికి వస్తనంటుంది."

గంగక్క అటు చూసింది. మోచేతి పొడుగు కొర్రమట్ట. తొట్టి అంచుదాకా నీళ్లు, నీళ్లకు ఆనుకుని గాజుమూత, మూత మీద నాలుగు ఇటుకలు. గంగక్కకు ఒళ్లు మండిపోయింది. కొర్రమట్ట మిగతా చేపల్లాంటిది కాదు. అది కాసేపటికోసారి పైకొచ్చి గాలి మింగాలి. అందుకే చేపలవాళ్లు దాన్ని కుండలో వేస్తే సగానికే నీళ్లు పోస్తారు. నిండా పోసి మూత బిగిస్తే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది.

"ఈ మూత ఎవరు పెట్టిండ్రు బిడ్డా?" అని కాపలాదారును అడిగింది.

"నేనే, పొద్దుగాల. మొన్నొకటి దుంకి కింద పడి సచ్చింది. ఇంకోటి సస్తే నౌకరి ఉండదన్నడు మా సారు."

"గిది గూడ సస్తది. మునిగి సస్తది."

"చేప మునిగి సచ్చుడేంది అవ్వా?" కిషన్‌లాల్ నవ్వాడు.

"నీకు నౌకరి ఉండాల్నా, వద్దా?"

అతని నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి ఇటుకలు దింపాడు. మూత మొత్తం తీస్తే చేప దూకుతుంది. కాబట్టి చెరో కొస పట్టుకుని బెత్తెడు సందు వచ్చేలా ఎత్తి, ఆ సందులోంచి నీళ్లు తోడాలి. తోడడానికి ఇంకో మనిషి కావాలి.

"బయట ఎవరినన్న పిలుస్త," అన్నాడు కిషన్‌లాల్.

గంగక్క గుమ్మం వైపు చూసింది. "వద్దు. మా బాలి తోడుతది. పట్టు మూత."

ఇద్దరూ ఎత్తారు. బాలి అడ్డంగా తలూపుతూ అక్కడే నిలబడింది. చేపకు అప్పటికే పైకి లేచే ఓపిక పోయింది, పక్కకు ఒరుగుతోంది. గాజు అంచు గంగక్క వేళ్లను కోస్తోంది. సారంగం ఏడుపు అందుకున్నాడు.

"పిల్ల భయపడుతుంది, ఇడువు అవ్వా."

"నువ్వు నోరు మూసుకోని గట్టిగ పట్టు."

పసిదాన్ని ఇంత హింస పెట్టొచ్చా అని ఆమెకూ ప్రాణం విలవిల్లాడింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"బాలీ, ఇను. వరదల నువ్వు జారలే. నా చెయ్యి జారింది. తప్పు నాది బిడ్డా, నీది గాదు. గిప్పుడు నా చేతులు రెండూ గీడ ఇరుక్కున్నయ్. దానికి నువ్వే దిక్కు."

బాలి నాయనమ్మ చేతులకేసి చూసింది. తర్వాత కిషన్‌లాల్ మంచినీళ్ల గ్లాసు తీసుకుని, స్టూలు దగ్గరకు లాక్కుని ఎక్కింది. కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి ముంచింది. భుజం దాకా తడిసింది. కెవ్వుమంది గానీ చెయ్యి తియ్యలేదు. ఒక గ్లాసు తోడి నేల మీద పోసింది. ఇంకోటి, ఇంకోటి. గౌనంతా తడిసిపోయింది. నాలుగు వేళ్ల మేర నీళ్లు తగ్గాక, కొర్రమట్ట మెల్లగా మూతి పైకెత్తి గుటుక్కున గాలి మింగింది.

"చాలు బిడ్డా," అన్నాడు కిషన్‌లాల్.

"ఇంకో రెండు పోస్త," అంది బాలి.

బస్సు పల్లె దగ్గరపడ్డాక బాలి అడిగింది. "నీళ్లల్ల పుట్టినదానికి గూడ నీళ్లంటె భయమైతదా, నాయనమ్మా?"

"అయితది బిడ్డా. అయినా గా నీళ్లల్లనే బతుకుతది."

పొద్దు వాలే వేళకు ఏటి ఒడ్డున దూలయ్య పడవకు తాడు కడుతున్నాడు. పడవ అడుగున ఊట నీళ్లు చేరి ఉన్నాయి. బాలి దూరంగా ఆగి వాటినే చూసింది.

"నాయనా, పడవల నీళ్లు ఎవరు తోడుతరు?"

"నేనే తోడుకుంట. ఏందే?"

"నేను తోడుత."

"ఎక్కకుంట ఎట్ల తోడుతవ్?" దూలయ్య నవ్వబోయాడు.

బాలి అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, పడవ అంచు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టింది, తర్వాత రెండోది. పడవ ఊగింది. పిల్ల తూలి, నిలదొక్కుకుని, "డబ్బా ఇయ్యి," అంది.

గంగక్క ఇసుకలో కూలబడి అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే కొడుకును గదమాయించింది.

"డబ్బా ఇయ్యిరా దానికి. ఇచ్చి, రేపు సంతకు పొయ్యి పలకా బలపం కొనుక్కరా."