కొండక్క ఎక్కిన కుర్చీ

ఆదివాసీ నియోజకవర్గం నుంచి తొలిసారి గెలిచి వచ్చినప్పుడు శాసనసభలో ఆమెను 'కొండక్క' అని వెక్కిరించారు. జుట్టు నెరిసేదాకా ఆమె గెలుస్తూనే ఉంటే, వెక్కిరించిన నోళ్ళే ఆ పేరుకి 'గారు' తగిలించాయి. ఇన్నేళ్ళూ ఆమె పట్టు విడవనిది ఒకే బిల్లు: ఊరివాళ్ళు ఒప్పుకోనిదే కొండను తవ్వకూడదు. పెట్టినప్పుడల్లా ఓడిపోయింది. ఓడినప్పుడల్లా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

ఈసారి బలం అటూ ఇటూ సరిసమానంగా ఉంది. ఇక ఎన్నికల్లో నిలబడనని ఆమె చెప్పేసింది కూడా. ఇవాళ పోతే పోయినట్టే.

పొద్దున్నే అధికారపక్షం విప్ నవ్వుకుంటూ ఆమె గదికి వచ్చాడు.

"అక్కా, స్పీకర్ గారికి ఒంట్లో బాగోలేదు. అందరికన్నా సీనియర్ మీరే. ఇవాళ సభ మీరే నడపాలి. మీవాళ్ళెవరూ ఇంతవరకూ ఎక్కని కుర్చీ, ఎంత గౌరవం చెప్పండి."

అతను గుమ్మం దాటగానే ఆమె దగ్గర సహాయకుడిగా ఉండే తమ్ముడు తలుపు వేశాడు.

"ఒద్దని చెప్పు అక్కా. ఆ కుర్చీలో ఉన్నవాళ్ళకి ఓటు లేదు. ఒక్క ఓటుతో పోతాం. దండేసి మరీ గొంతు కోస్తున్నాడు."

ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. ఒళ్ళు మండిపోతోంది. అయినా ఆ కుర్చీ మీద ఆశ కూడా ఉంది, అది దాచుకోవడం దేనికి? పైన గ్యాలరీలో కన్నతల్లి వచ్చి కూర్చుంది.

"ఎక్కుతాను," అంది.

తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఎక్కింది, సభ నడిపింది, గొంతు పెంచినవాళ్ళను కూర్చోబెట్టింది. విప్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని తాపీగా ఉన్నాడు. చర్చ ముగిసింది. ఓటింగ్ గంట కొట్టించే ముందు ఆమె మైకు దగ్గరికి లాక్కుంది.

"నేను దిగుతున్నాను. నా బదులు విప్ గారు వచ్చి కూర్చోవాలి."

కుర్చీలో ఉన్నవాళ్ళు దిగేటప్పుడు ఏ సభ్యుణ్ణయినా పిలవొచ్చు. పిలిచాక రానంటే కుదరదు. భోజనాల వేళ తప్ప ఎవరూ వాడని రూలు కావడంతో, ఎత్తులు వేయడంలో తలపండిన మనిషి దాన్ని కాస్తా మర్చిపోయాడు. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"అధ్యక్షా, నాకన్నా పెద్దవాళ్ళున్నారు..."

"రండి విప్ గారూ. ఎంత గౌరవమో పొద్దున మీరే చెప్పారుగా."

అతని పక్షంవాళ్ళే నవ్వు ఆపుకోలేకపోయారు. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు. ఆమె మోకాళ్ళు పట్టుకుంటూ దిగి, వెనక వరసలో తన పాత చోటికి చేరింది. గంట మోగింది, తలుపులు మూశారు; ఇక ఓటింగ్ అయ్యేదాకా కుర్చీ మారే వీల్లేదు. బిల్లుకు అనుకూలంగా ఉన్నవాళ్ళు లేచి నిలబడాలని విప్ నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

కొండక్క లేచింది. పైన ముసలి తల్లి కూడా లేచింది. కూర్చోమని కాపలా మనిషి చెప్పాడు.

"నా కూతురు కూర్చుంటే నేనూ కూర్చుంటా," అంది తల్లి.

ఓట్లు లెక్కపెట్టారు. ఫలితం చదవాల్సింది కూడా కుర్చీలో ఉన్నవాడే. విప్ ఒక్క ఓటు తేడాతో బిల్లు నెగ్గిందని చదివాడు.

ఆమె ఏడ్చేసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఈసారి మళ్ళీ పెట్టాల్సిన బిల్లేమీ లేదు.